వినతిపత్రం ఇచ్చినంత మాత్రాన మోరీ పూర్తి కాదు

వరంగల్‌లో మా డివిజన్ కార్పొరేటర్ గారి పేరుతో నిన్న రాత్రి కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక నివేదిక వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో శీర్షిక, పక్కన నమస్కరిస్తున్న ఫొటో, కింద కాలనీ సమస్యలు, వాటి మీద జరిగిన పనుల పట్టిక. వీధి దీపాలు, కుక్కల బెడద, నల్లా పైపు లీకేజీ, పార్కు ప్రహరీ, ఇలా అన్నిటికీ ఎదురుగా ఆకుపచ్చ టిక్కు. ఆ వరుసలో మా వెనక గల్లీ మోరీ, అంటే మురుగు కాలువ, కూడా ఉంది. దానికీ ఆకుపచ్చ టిక్కే. ఉన్నతాధికారుల దృష్టికి తీసుకెళ్లి పరిష్కరించడమైనదని పక్కన రాశారు. ఆ ఒక్క మాట చదివినప్పటి నుంచి నాకు కోపం ఆగడం లేదు.

ఆ మోరీ ఎలా ఉందో చూడనివారి కోసం చెబుతాను. మా గల్లీ చివర రోడ్డు కింద రెండు సిమెంటు తూములు ఉన్నాయి. ఒకటి ఎప్పుడో మట్టితో పూడుకుపోయింది. రెండోదాని నోటికి థర్మాకోల్ పళ్లేలు, కొబ్బరి పీచు, ఎవరో పడేసిన పాత బొంత అడ్డం పడి, నీళ్లు బొటనవేలు లావు ధారగా మాత్రమే అవతలికి జారుతున్నాయి. పైనున్న ఇళ్ల మురుగంతా అక్కడే నిలిచి, పొద్దు వాలితే దోమలతో గుమ్మం తెరవలేని పరిస్థితి. అక్టోబరు వరద వదిలిన చార మోకాలి ఎత్తున గోడల మీద ఇప్పటికీ ఉంది. ఇక నివేదికలో పెట్టిన ఫొటో అసలు మా మోరీదే కాదు. అందులోని మోరీ మీద కొత్త స్లాబులు పరిచి ఉన్నాయి, పక్కన టైల్స్ వేసిన ఫుట్‌పాత్ ఉంది. మా గల్లీలో ఫుట్‌పాత్ అనేదే లేదు. ఎవరి ఇంటి ముందు వాళ్లం సొంత డబ్బుతో షాబాదు బండ తెచ్చి వేసుకుని మోరీ దాటుతున్నాం.

ఈ మాటే మా ఎదురింటి అక్క గ్రూపులో చాలా మర్యాదగా అడిగింది. ఫొటోలో ఉన్నది ఏ గల్లీదో చెప్పండి సార్, మాది మాత్రం అట్లనే ఉన్నది అని రాసింది. నేను సాయంత్రం తీసిన తూము ఫొటో పెట్టాను. మరో ఇద్దరు తమ ఇళ్ల ముందరి ఫొటోలు పెట్టారు. ఎవరూ తిట్టలేదు, పార్టీ పేరు ఎత్తలేదు. కాసేపటికే గ్రూపు సెట్టింగు మారిపోయింది. ఇకపై అడ్మిన్లు తప్ప ఎవరూ అందులో రాయడానికి వీల్లేదు. నివేదిక మాత్రం అట్లాగే ఉంది, దాని కింద ముందే వచ్చిన దండాలు, పూల బొమ్మలు, అభినందనలు అట్లాగే ఉన్నాయి. మోరీ ఇన్నేళ్లుగా పూడుకుపోయి ఉన్నందుకు కలిగిన బాధకంటే, దాని గురించి మాట్లాడిన నోళ్లు క్షణంలో మూసేసినందుకు కలిగిన బాధ నాకు ఎక్కువగా ఉంది.

నేను ఒక విషయం సూటిగా చెప్పదలచుకున్నాను. ప్రజాప్రతినిధి వినతిపత్రం పేరుతో ఒక కాగితం రాసి, దాన్ని అధికారి చేతికి ఇస్తూ ఫొటో దిగిన రోజున పని మొదలుకూడా కాలేదు. డాక్టరు మందుల చీటీ రాసిన రోజునే రోగం నయమైందని ఏ ఇంట్లోనూ అనుకోరు. ఆ కాగితం తర్వాత ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, వచ్చి స్థలం చూడాలి, కొలతలు తీసి ఎస్టిమేట్ వేయాలి, పరిపాలనా మంజూరు రావాలి, సాంకేతిక మంజూరు రావాలి, టెండరు పిలవాలి, కాంట్రాక్టరు అగ్రిమెంటు చేసుకోవాలి, పని జరగాలి, ఆ కొలతలు ఎం.బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కాలి, చివరికి బిల్లు కావాలి. ఇన్ని మెట్లలో మా మోరీ ఏ మెట్టు మీద ఆగిపోయిందో చెబితే అది నివేదిక. ఎస్టిమేట్ పంపాము, నిధులు రాలేదు అని రాసినా మేం అర్థం చేసుకుంటాం. టెండరుకు ఎవరూ ముందుకు రాలేదు అన్నా అర్థం చేసుకుంటాం. పాత బిల్లులు రాక చిన్న కాంట్రాక్టర్లు వెనకాడుతున్న సంగతి ఈ ఊళ్లో తెలియనిది ఎవరికి? ఏ మెట్టూ చెప్పకుండా నేరుగా ఆకుపచ్చ గుర్తు పెట్టడం మాత్రం మాకు అబద్ధం చెప్పడమే.

ఒక గల్లీ మోరీకి ఇంత రాద్ధాంతమా అని అడిగేవారికి వరంగల్ నేల గురించి గుర్తుచేయాలి. ఇది కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల ఊరు. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు నీళ్లు పోయే ఏర్పాటు మీద ఈ ఊరు నిలబడింది. ఆ దారుల మీదనే ఇళ్లు లేచాయి, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూములు ప్లాట్లయ్యాయి, కాలువలు మోరీలయ్యాయి. 2020 ఆగస్టు వానలకు నగరంలో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు అప్పటి పురపాలక శాఖ మంత్రి కేటీఆర్ గారు వచ్చి చూశారు, నాలాల మీది ఆక్రమణలు తొలగించాలని ఆదేశించారు. 2023 జూలైలో బొంది వాగు పొంగి హంటర్ రోడ్డు వైపు కాలనీలు మళ్లీ మునిగాయి, ఆ వెంటనే భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. 2025 అక్టోబరు 29న మొంథా తుపాను వానకు మరోసారి మునిగాం, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు వచ్చి చూసి వెళ్లారు. పెద్ద నాలాల మీద కొంత పని జరిగింది, కాదనను. నయీంనగర్ నాలా మీద పాత వంతెన తీసి కొత్తది కట్టారు. కానీ పెద్ద నాలా ఎంత వెడల్పు చేసినా, దానిలోకి నీళ్లు చేర్చే గల్లీ మోరీ మూసుకుపోయి ఉంటే ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? మా వంటింట్లోకి వస్తాయి. వచ్చాయి కూడా.

ఆ అక్టోబరు రాత్రి నీళ్లు మా ఇంటి వాకిట్లోంచి రాలేదు. స్నానాల గదిలోని నీటి కన్నం నుంచి నల్లటి మురుగు బుడబుడమని పైకి తన్నుకొచ్చింది. బియ్యం బస్తాను అల్మారా మీదికి ఎత్తేలోపే అడుగు తడిసిపోయింది. ఇటుకలు పేర్చి మంచం లేపాం. కరెంటు తీసేశారు. పక్కింట్లో మోకాళ్లు సహకరించని పెద్దమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పిల్లలు నడుము లోతు నీళ్లలో రోడ్డు దాకా మోసుకెళ్లారు. ఆమె ఆ కుర్చీ చేతులు పట్టుకుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా, నీళ్లనే చూస్తూ పోయింది. ఆ నలుగురు పిల్లల్లో ఒక్కడి పేరు కూడా నిన్నటి నివేదికలో లేదు. వరద సహాయ చర్యల్లో ముమ్మరంగా పాల్గొన్నామని మాత్రం ఉంది. తెల్లారాక వచ్చి, రోడ్డు మీద నిలబడి, పులిహోర పొట్లాలు పంచి ఫొటోలు తీసుకున్న సంగతి నిజమే. ఆకలి మీద ఉన్నాం, ఆ పొట్లాలు తిన్నాం, అందుకు కృతజ్ఞత కూడా ఉంది. కానీ గల్లీ లోపలికి ఒక్కరూ రాలేదు, తూము ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు.

ఇక్కడ నాకు ఎన్నాళ్లనుంచో మనసులో ఉన్న మరో మాట చెప్పకుండా ఉండలేను. మా కార్పొరేటర్ ఒక మహిళ. తెలంగాణ పట్టణ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు కేటాయించారని సంతోషించి, ఒక ఆడమనిషికి మోరీ బాధ, నీళ్ల బాధ త్వరగా అర్థమవుతుందని నమ్మి మా గల్లీ ఆడవాళ్లంతా ఆమెకు ఓటు వేశాం. ఆమె నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తేది ఆమె భర్త. వినతిపత్రం ఇస్తున్న ఫొటోలో ముందు నిలబడింది ఆయన, వెనక కొంగు సర్దుకుంటూ నిలబడింది ఆమె. గ్రూపులో అడ్మిన్ కూడా ఆయనే, నిన్న మా నోళ్లు మూసింది కూడా ఆయనే. ఆమెను నేను ఒకసారి బోనాల పండుగనాడు గుడి దగ్గర కలిశాను. మోరీ సంగతి ఎత్తగానే ఆమె నా చేయి పట్టుకుని, వాన పడితే మా అమ్మగారింట్లో కూడా ఇంతే వదినా, నాకు తెల్వదా అన్నది. ఇంకా ఏదో చెప్పబోతుంటే ఆయన వచ్చి మాట తానందుకున్నాడు. ఆమె ఊరుకున్నది. ఆమెకు చేతకాదని నేను ఎప్పుడూ అనను, ఆమెను చేయనివ్వడం లేదు అంటాను. ప్రమాణం చేసింది ఆమె, మేం ఎన్నుకున్నది ఆమెను, జవాబు చెప్పవలసినది ఆమె.

ఆ ఓటు కూడా ఎట్లా వేశామో మరిచిపోలేం. 2021 ఏప్రిల్ 30న, కరోనా రెండో దశ నడుస్తున్న రోజుల్లో, ఇంటికొకరు జ్వరంతో పడుకుని ఉండగా, మాస్కులు కట్టుకుని వరుసలో నిలబడి వేశాం. 66 డివిజన్ల ఈ నగరంలో మన డివిజన్‌కు మన మనిషి ఉండాలని వేశాం. ఆ ఎన్నికకు ముందే, 2019లో వచ్చిన తెలంగాణ పురపాలక చట్టం ప్రతి వార్డుకూ యువకులతో, మహిళలతో, వయోవృద్ధులతో, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలని, ఒక్కో కమిటీలో 15 మంది ఉండాలని చెప్పింది. అంటే మా డివిజన్‌లో ఈ మోరీ గురించి అధికారికంగా కూర్చుని మాట్లాడవలసిన మనుషులు అరవై మంది. వాళ్లు ఎవరో మా గల్లీలో ఒక్కరికీ తెలియదు. మా మహిళా కమిటీ ఏనాడైనా సమావేశమైందని నేను వినలేదు. మూడు లక్షల జనాభా దాటిన ప్రతి నగరంలో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ 1993 నుంచి చెబుతూనే ఉంది. ఆ కమిటీ ఒక్కసారి మా గల్లీలో కుర్చీలు వేసుకుని కూర్చుని ఉంటే, ఆ వాసనకే పని కదిలి ఉండేది.

పాపం కార్పొరేటర్ చేతిలో ఏముంది, నిధులు పైనుంచి రావాలి, అధికారులు మాట వినరు అని కొందరు నాకు విడిగా మెసేజ్ పెట్టారు. ఆ మాట చాలావరకు నిజమని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ నిజాన్నే నివేదికలో రాయాలి కదా. నా చేతిలో ఇంతే ఉంది, ఫలానా ఫైలు ఫలానా బల్ల మీద ఆగింది, మీరంతా నాతో వస్తే సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోదాం అని ఆమె ఒక్క మాట అంటే, పిల్లల్ని చంకనేసుకుని మా గల్లీ మొత్తం కదిలి వచ్చేది. అధికారులు వినకపోతే వినిపించడానికి మేం ఉన్నాం. ఆ బలాన్ని వాడుకోవలసిన మనుషులే మమ్మల్ని గ్రూపులో మాట్లాడనివ్వకపోతే, ఇక ఎవరి తరఫున పోరాడుతున్నట్టు?

న్యాయంగా చెప్పాలంటే వీధి దీపాలు నిజంగానే వెలుగుతున్నాయి. మూలమలుపు దగ్గర చీకటికి భయపడి ట్యూషన్ మానేసిన ఆడపిల్లలు మళ్లీ పోతున్నారు. ఆ పనికి ఆకుపచ్చ గుర్తు పెట్టుకునే హక్కు వారికి పూర్తిగా ఉంది. కుక్కల విషయం సగమే అయింది. పార్కు ప్రహరీ ఒకవైపే లేచింది. ఏది ఎంతవరకు వచ్చిందో అంతే రాస్తే వాళ్ల గౌరవం తగ్గదు.

నేను ఈ రోజు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసి పెట్టాను. మా గల్లీ మోరీ పనికి ఎస్టిమేట్ తయారైందా, మంజూరు ఉత్తర్వు ఉందా, టెండరు పిలిచారా, పని పూర్తయినట్టు ఎం.బుక్కులో ఎక్కడైనా నమోదైందా అని అడిగాను, ఉంటే నకళ్లు ఇవ్వమన్నాను. పది రూపాయల రుసుము కట్టి రేపు ఇస్తాను. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. నిన్న గ్రూపులో ఫొటోలు పెట్టినవాళ్లు, పెట్టాలనుకుని ఆగిపోయినవాళ్లు తమ తూము, తమ గోడ మీది వరద చార ఫొటోలను తేదీ కనిపించేలా నాకు పంపండి. ప్రజావాణిలో ఇచ్చే అర్జీకి జతచేస్తాను. అర్జీ ఎదురింటి అక్క దగ్గర ఉంది, ఆదివారం సాయంత్రంలోగా వచ్చి సంతకం పెట్టండి. ఆ అర్జీ ఇవ్వడానికి వచ్చి మాతో పాటు ముందు నిలబడమని కార్పొరేటర్ గారిని కూడా అడుగుతున్నాను, ఆమెను మాత్రమే.