ముందు అల్లుదాం, పేరు తర్వాత పెడదాం

కొత్తగా క్రోషే, అంటే కొక్కెంలాంటి హుక్‌తో దారం అల్లే పని, పట్టిన వాళ్ల కోసం తయారయ్యే సులువైన అల్లికల జాబితాల్లో ఒక పెద్ద అన్యాయం ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరూ గట్టిగా నిలదీయకపోవడమే ఆశ్చర్యం. జాబితా మొదట్లోనే వస్తువు పేరు చెప్పేస్తారు: కోస్టర్ (కప్పు కింద వేసే చిన్న పట్టా), మఫ్లర్, చదరపు ముక్క, బొమ్మ. హుక్ ఎలా పట్టుకోవాలో ఇంకా తేలని మనిషి, కాసేపటికి తన చేతిలో ఏం తయారవుతుందో ముందే హామీ ఇవ్వాలన్నమాట. అందుకే ప్రజాహితం కోరి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. ముందు అల్లాలి. దారం అయిపోయాకో ఓపిక అయిపోయాకో ఆగాలి. వచ్చినదాన్ని బల్ల మీద పెట్టి, నాలుగు వైపుల నుంచీ చూసి, అప్పుడు పేరు పెట్టాలి.

మఫ్లర్ సంగతే చూడండి. ఇంతకన్నా తేలికైంది లేదని అందరూ ఒట్టేసి చెబుతారు. 20 కుట్లు వేయడం, తిప్పడం, మళ్లీ 20 వేయడం, మెడకు సరిపోయేదాకా ఇంతే. ఇందులో ఇబ్బంది ఏమిటంటే ఆ చివరి కుట్టు. వరసలో మిగతా కుట్లన్నీ తల మీద 'వి' ఆకారం చూపిస్తూ బుద్ధిగా నిలబడితే, కొసన ఉన్నది మాత్రం పక్కకు ఒరిగి, తిప్పేటప్పుడు వేసిన గొలుసు చాటున నక్కి ఉంటుంది. చూస్తే కుట్టులా ఉండదు, ఎవరో పొరపాటున వేసిన ముడిలా ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని కదిలించకుండా మర్యాదగా వదిలేసి వెనక్కి తిరుగుతారు. 20 కాస్తా 19 అవుతుంది, తర్వాత 18. అడుగు నుంచి పైకి వచ్చేసరికి అల్లిక మొనదేలుతుంది.

మఫ్లర్ అని ముందే చాటింపు వేసినవాళ్లకు ఇది పరువు సమస్య. నోరు మూసుకుని కూర్చున్నవాళ్లకు మాత్రం చేతిలో మూడు మూలల శాలువా ఉంటుంది. అలాంటి శాలువాను అనుభవం ఉన్నవాళ్లు కూడా అంచుల్లో కుట్లు తగ్గిస్తూనో పెంచుతూనో కావాలనే అల్లుతారు. వాళ్లు కావాలని చేసింది నైపుణ్యం, మనకు దానంతటదే వచ్చింది తప్పు అనడం ఏ న్యాయమో చెప్పాలి. ప్రతి వరస చివరా లెక్కపెట్టుకోమని, మొదటి కుట్టుకూ చివరి కుట్టుకూ గుర్తుగా మార్కర్ అనే చిన్న పిన్ను తగిలించమని పెద్దలు చెబుతారు. సలహా మంచిదే. టెన్షన్ తగ్గడానికి మొదలుపెట్టిన పనిలో ఆడిట్ ఎందుకన్నదే నా అభ్యంతరం.

ఇక కోస్టర్. గుండ్రంగా, చదునుగా ఉంటే చాలు, కప్పు నిలబడుతుంది. కానీ ఆ చదునుతనం వెనక కూర్చున్నది గణితం. సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టుతో అల్లేటప్పుడు మొదటి చుట్టులో 6 కుట్లు వేసి, తర్వాత ప్రతి చుట్టుకూ మరో 6 పెంచుతూ పోవాలి: 12, 18, 24, 30. ఈ 6 ఎవరి ఇష్టప్రకారమో వచ్చింది కాదు. వృత్తం వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు పెరిగితే చుట్టుకొలత దానికి 6.28 రెట్లు (π విలువకు రెట్టింపు) పెరుగుతుంది. సింగిల్ క్రోషే కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం కాబట్టి చుట్టుకు 6 కుట్లు పెంచితే సరిపోతుంది. డబుల్ క్రోషే అనే కుట్టు దానికి సుమారు రెట్టింపు ఎత్తు, అందుకని అక్కడ 12. బడిలో π (పై) విలువ చూసి దడుచుకుని పారిపోయిన వాళ్లందరినీ అది ఇన్నేళ్ల తర్వాత ఊలు ఉండలో దాక్కుని పట్టుకుందన్నమాట. దాన్ని సులువైన ప్రాజెక్టు అంటారు!

పెంచడం మరిచిపోతే అంచు లోపలికి ముడుచుకుంటుంది. నా విధానం ప్రకారం అది గిన్నె. ఇంకా కొన్ని చుట్లు అలాగే వేస్తే టోపీ. టోపీలు అల్లేదీ ఇలాగే, కొలత వచ్చాక కుట్లు పెంచడం ఆపేస్తారు, అంతే. మనం కాస్త ముందే ఆపాం.

ఉత్సాహం ఎక్కువై అవసరానికి మించి పెంచేస్తే అంచు అలలు అలలుగా లేస్తుంది, ఎంత అదిమినా బల్ల మీద చదునుగా కూర్చోదు. ఈ స్థితిలో చాలామంది కళ్లనీళ్లు పెట్టుకుని మొత్తం విప్పేస్తారు. దయచేసి విప్పకండి. 1997లో డైనా తైమిన్య అనే గణిత శాస్త్రవేత్త అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో సరిగ్గా ఇలాంటిదే పనిగట్టుకుని అల్లారు. హైపర్‌బాలిక్ జ్యామితిలోని వంకర తలం ఎలా ఉంటుందో విద్యార్థులకు చూపడానికి అంతకుముందు కాగితం నమూనాలు వాడేవారు, అవి చిరిగిపోయేవి. ఆమె క్రోషే పట్టుకుని, కుట్లను ఒక స్థిరమైన నిష్పత్తిలో పెంచుకుంటూ పోయారు. వచ్చింది చేతిలోకి తీసుకుని తడిమి చూడగలిగే గణితం. ఆ పద్ధతిని పట్టుకునే 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ అనే అక్కచెల్లెళ్లు ఊలుతో పగడపు దిబ్బలు అల్లించడం మొదలుపెట్టారు. అవి ప్రదర్శనశాలల దాకా వెళ్లాయి. మీ కోస్టర్‌కూ తైమిన్య అల్లినదానికీ ఉన్న తేడా అల్లా ఒకటే, ఆమె నిష్పత్తి తప్పలేదు. ఆ చిన్న సంగతి ఎవరైనా అడిగితే తప్ప చెప్పనక్కర్లేదు.

అసలు తప్పు అల్లేవాళ్లది కాకపోవచ్చని కూడా గమనించాలి. అల్లిక సూచనల్లో డబుల్ క్రోషే వేయమని రాసిన చోట అమెరికావాళ్లు ఒక కుట్టు వేస్తారు, బ్రిటన్‌వాళ్లు మరో కుట్టు వేస్తారు. అమెరికాలో సింగిల్ అనేదాన్నే బ్రిటన్‌లో డబుల్ అంటారు, అక్కడ సింగిల్ క్రోషే అనే మాటే లేదు. కాబట్టి ఆ సూచనల్లో సింగిల్ కనిపించిందంటే అది అమెరికా పద్ధతి అని నిశ్చింతగా ఉండొచ్చు. కనిపించకపోతే మాత్రం రెండు దేశాలు మీ కోస్టర్ మీద తేల్చుకుంటాయి. స్టీలు హుక్కుల కథ మరోటి. అమెరికా అంకెల్లో వాటికి నంబరు పెరిగేకొద్దీ హుక్ సన్నబడుతుంది. మిల్లీమీటర్లు చూసి కొనుక్కున్నవాళ్లు బతికిపోయినట్టే.

బొమ్మల జోలికి మొదట్లోనే వెళ్లొద్దని కొందరంటారు, నేను వెళ్లమంటాను. అమిగురుమి అనే ఈ జపాన్ బొమ్మల్లో తల అంటే ఒక బంతి. 6 నుంచి పెంచుకుంటూ పోవడం, కొన్ని చుట్లు అలాగే వేయడం, మళ్లీ 6 దాకా తగ్గించుకుంటూ రావడం, మూసేముందు దూది కూరడం. కుందేలు అనుకున్నది ఎలుగుబంటి అయితే చెవులు చిన్నవి కుట్టండి. ఏదీ కాకపోతే గ్రహాంతరవాసి. దాని అసలు పోలిక చూసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఎవరూ వాదనకు రారు.

నా ప్రతిపాదన చెల్లని చోటు ఒక్కటుంది, అది వేడి గిన్నె కింద వేసే మ్యాట్. కొత్తవాళ్ల చేతికి ఎక్కువగా దొరికే అక్రిలిక్ ఊలు చవక, మెత్తన, రంగులకు లోటుండదు. కానీ అది ఒక రకం ప్లాస్టిక్, బాగా వేడి తగిలితే కరుగుతుంది. మామూలు కాటన్ దారమైతే కరగదు. గిన్నెగానీ గ్రహాంతరవాసిగానీ అల్లి, చదునుగా వచ్చింది కదా అని మ్యాట్‌గా పేరు మార్చి పొయ్యి పక్కకు చేర్చే ముందు ఉండ చుట్టూ ఉన్న కాగితం పట్టీ తీసి చూడండి. అందులో 100% కాటన్ అని ఉండాలి. ఆ పట్టీని మొదటిరోజే చింపి పారేసి ఉంటే, మీరు అల్లింది కోస్టరే. దాని మీద చల్లని నీళ్ల గ్లాసు పెట్టుకోండి.