దుంప తెంచే యుద్ధం

అమెరికాలో సాగుతున్న సంస్కృతి పోరును సంప్రదాయవాదులకూ ఉదారవాదులకూ మధ్య విలువల సంఘర్షణగా పండితులు వర్ణిస్తున్నారు. వారు తొందరపడ్డారని సవినయంగా మనవి చేస్తున్నాను. ముప్పై ఏళ్ల చరిత్రను తిరగేసిన మీదట, ఆ పోరుకు మూలకందం బంగాళాదుంపేనని నాకు తేటతెల్లమైంది.

1992 మే నెలలో ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్, పెళ్లి కాకుండానే తల్లి అయినందుకు మర్ఫీ బ్రౌన్ అనే స్త్రీని బహిరంగంగా తప్పుపట్టారు. ఆమె టీవీ ధారావాహికలోని పాత్ర కావడం ఆయన ధర్మాగ్రహానికి అడ్డు రాలేదు. మరుసటి నెల న్యూజెర్సీలోని ఒక బడికి వెళ్లి, పన్నెండేళ్ల పిల్లవాడు బోర్డు మీద సరిగ్గానే రాసిన 'పొటేటో' చివర లేని అక్షరమొకటి చేర్పించి వచ్చారు. లేని తల్లిని దండించినవారికి లేని అక్షరం ఒక లెక్కా! ఆ తల్లి కూడా ఊరుకోలేదు. సెప్టెంబరులో ప్రసారమైన భాగంలో ఆయన గుమ్మం ముందు లారీడు దుంపలు గుమ్మరింపజేసింది. ఈ మధ్యలో, ఆగస్టులో, హ్యూస్టన్ రిపబ్లికన్ మహాసభలో సంప్రదాయవాద నాయకుడు పాట్ బుకానన్ దేశపు ఆత్మ కోసం సంస్కృతి యుద్ధం నడుస్తోందని ప్రకటించారు గానీ, దుంప ఊసెత్తకపోవడం ఆ ప్రసంగానికి తీరని లోటు.

ఇరాక్ మీద దండెత్తడానికి ఫ్రాన్స్ ఒప్పుకోలేదన్న కోపంతో 2003 మార్చి 11న ప్రతినిధుల సభ క్యాంటీన్లలో 'ఫ్రెంచ్ ఫ్రైస్'కు 'ఫ్రీడమ్ ఫ్రైస్' అని నామకరణం చేశారు. తొమ్మిది రోజుల్లో అసలు యుద్ధం మొదలైంది. 2006లో వేపుడు తన పాత పేరుకు సురక్షితంగా తిరిగివచ్చింది. సైనికులు అప్పటికింకా ఇరాక్‌లోనే ఉన్నారు.

అన్నిటికన్నా గంభీరమైన ఘట్టం 2021 ఫిబ్రవరి 25న జరిగింది. 'మిస్టర్ పొటేటో హెడ్' బొమ్మల శ్రేణి పేరులోంచి 'మిస్టర్'ను తొలగిస్తున్నామని హాస్‌బ్రో కంపెనీ అనగానే, పురుషజాతికే ముప్పు వచ్చినట్టు గగ్గోలు పుట్టింది. దుంప దంపతులు ఎప్పటిలాగే శ్రీవారూ శ్రీమతిగానే ఉంటారని కంపెనీ అదేరోజు సంజాయిషీ ఇచ్చుకున్నా రగడ చల్లారలేదు. (1952లో ఆ ఆట పెట్టెలో కళ్లూ ముక్కూ లాంటి అమరికలు మాత్రమే వచ్చేవి, దుంపను ఇంట్లోంచి తెచ్చుకోవలసి వచ్చేది, అది ఆడో మగో ఏ తల్లీ అడిగినట్టు దాఖలా లేదు.) రెండు రోజులకు అదే ప్రతినిధుల సభ 1.9 లక్షల కోట్ల డాలర్ల కోవిడ్ సహాయ బిల్లును ఆమోదించింది. అంత పొడుగు అంకె చదవడం కన్నా మీసాల దుంపను కాపాడుకోవడం ఎవరికైనా సులువే కదా.

ఇక మన సంగతి తలచుకుంటే సిగ్గేస్తుంది. ఒకే గడ్డను కోస్తాలో బంగాళాదుంప, తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ అంటాం; అందులో ఒక పేరు ఏకంగా బెంగాల్‌నే మోస్తోంది. ఇంతటి ముడిసరుకు వంటింట్లో మూలుగుతుండగా దాని మీద ఒక్క బంద్‌కైనా పిలుపునివ్వలేని నాయకులను మనం ఏ ముఖంతో గెలిపిస్తున్నామో తెలియదు.