సర్టిఫికెట్ ఉన్నంక బొమ్మనెందుకు చూసుడు?

పిల్లలమర్రికి ఏడువందల ఏండ్లంటే ఊడలు లెక్కపెట్టి చూస్తమా? నమ్ముతం. పాత కామిక్స్ ఒరిజినల్ బొమ్మలకు, అంటే అచ్చుకు ముందు చేతితో గీసిన పేజీలకు మాత్రం ఆ మర్యాద దక్కుతలేదని నల్లగొండ, పాలమూరు అమ్మకందారుల పక్షాన విన్నవించుకుంటున్నం. "1964 ఇంద్రజాల్ కామిక్స్ ఫాంటమ్ కథల లోపలి పేజీ, చేతితో గీసింది" అంటే తీసుకపోయి గోడకు కొట్టుకోవాలె. ఆ ఫాంటమ్ కథల లోపలి పేజీలు అమెరికా పత్రికల్లో వచ్చిన స్ట్రిప్పులను (వరుస బొమ్మలను) కోసి పేర్చినవి గదా, ఇక్కడ గీసిందెవరు అని అడ్డుపుల్ల వేయొచ్చునా?

కొందరు భూతద్దంతోనే దిగుతరు. కుంచెతో ఇంకు పూస్తే నలుపు నిండిన చోట పూత మీద పూత పడి మెరుపు ఎక్కువతక్కువగుండాలె, గీత కింద చెరపని పెన్సిలు కనబడాలె, తప్పు దిద్దిన తెల్లరంగు వేలికి తగలాలె అంటరు. మన నల్లగీత అంచున గులాబీ, పసుపు చుక్కలున్నయట. ముగ్గుకు చుక్కలుండవా?

టేపు పట్టుకొచ్చేటోళ్లు ఇంకా ఘోరం. అచ్చుకంటే ఒరిజినల్ పెద్దగుండాలె, అమెరికాలో 1967 ప్రాంతం దాకా రెండింతలు, తర్వాత ఒకటిన్నర అని లెక్క చెప్తరు. మనది సరిగ్గ ఏ4. ప్రింటర్‌ల అంతకన్నా పెద్దది పట్టదు మరి.

కాగితాన్ని ముసలిజేసుట్ల మాత్రం మనోళ్లు ఇంకా నేర్చుకోవాలె. చాయ్‌పత్త మరిగించి ముంచితే నడుమ, అంచు ఒక్కతీరుగ ఎర్రబడతయి. నిజంగ పాతబడిన కాగితం గాలి తగిలే అంచుల నుంచి లోపలికి మాగుతది. ఇగ దొంగనోట్లు చూసే నీలిదీపం కింద పెడితే, చాయ్ పట్టని మూల ఉతికిన తెల్లచొక్కా లెక్క మెరుస్తది. కాగితం తెల్లగ కనబడెటందుకు కలిపే ఆ మెరుపుమందు వాడకం 1950ల నుంచి పెరిగింది. కాబట్టి 1964 అనుడు తెలివైన పనే. 1947 చందమామ తొలి సంచిక బొమ్మ అంటే అక్కడనే దొరుకుతం.

ఆ తెలివి, బొమ్మ వెనకాల కొట్టిన ముద్ర కాడ తప్పింది. 'నల్లగొండ 508001' అని కొట్టిండ్రు. పిన్‌కోడు పుట్టింది 1972 ఆగస్టు 15న. ఇంకో పేజీ మీద 'సూర్యాపేట జిల్లా'. 2016ల వచ్చిన జిల్లా అరవై ఏండ్ల కిందటి బొమ్మకు చిరునామా అయింది. 1964 మార్చి అని రాసిన పేజీ మూలకు ధర 'పైసలు'ల ఉన్నది. ఆ ఏడు జూన్ దాకా అవి 'నయా పైసలు'.

ఇన్ని చిక్కులెందుకు? వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ సర్టిఫికెట్ జతపరుస్తున్నం. ఆ సంతకం నికార్సయిన ఒరిజినల్, చేతితో పెట్టిందే. జర పైలంగ పట్టుకోండ్రి, ఇంకు ఇంకా ఆరలేదు.