పురిటి వార్డు కుళాయి గారికి నమస్కారమండి

కుళాయి గారూ, బావున్నారా అండి. మొన్న మా చెల్లి పురిటికొచ్చినప్పుడు 9 రోజులు మీకెదురుగా వరండాలో చాపేసుకుని పడుకున్నానే, ఆ మనిషినండి. రోజుకి పదిసార్లయినా మిమ్మల్ని తిప్పుంటాను. ఓసారి సుయ్యిమని గాలొదిలారు, ఓసారి చీమ బయటికొచ్చింది, అంతే.

కోనసీమలో పుట్టి నీళ్లు లేవంటే నవ్వరా అండి. గోడవతలే కాలవ, గట్టు దాకా నిండుగా పోతోంది, అందులో బాతులు తలలు ముంచి ముంచి రెక్కలు కడుక్కుంటున్నాయి, వాటి హ్యాండ్ హైజీన్ బ్రహ్మాండం ఆయ్.

మీ నెత్తిమీద పోస్టరుంది కదా, పేషెంటుని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక అంటూ 5 సందర్భాలు, సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు అని బొమ్మలేసి మరీ. ఏం తోచక మొత్తం బట్టీ పట్టేశాను. కింద సింకులో చూస్తే టీ గ్లాసు, ఇడ్లీ పొట్లం కాయితం, ఎండిపోయి చెరువు మట్టిలా పగుళ్లిచ్చిన సబ్బుముక్క. మీ మెడకి ఎవరో గాజుగుడ్డ చుట్టారు, వార్డు మొత్తమ్మీద నీటుగా కట్టిన కట్టు అదొక్కటేనండి.

సిస్టర్ గారినేం అనను. రాత్రిపూట ఒక్క మనిషి, ముప్పై మంచాలు. ఒకే జత గ్లౌజులతో ఆ మంచం నుంచి ఈ మంచానికి వెళ్తుంటే నోరాగక అడిగాను, గ్లౌజులున్నాయి కదండీ అన్నారు. ఉన్నాయి, ఆవిడ చేతికి. మేం మాత్రం తక్కువ తిన్నామా, ఊర్నించి ఆటో ఎక్కి 11 మంది దిగిపోయి మంచం మీదే కూర్చుని, మా పెద్దత్తయితే పీతల బుట్ట దింపిన చేత్తోనే బిడ్డ బుగ్గలు పుణికేసింది.

1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాల్ని కోసిన చేతుల్తోనే వచ్చి పురుళ్లు పోస్తున్నారని పసిగట్టి క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడండి, ఏప్రిల్లో నూటికి 18 మంది బాలింతలు పోయిన వార్డులో జూన్‌కల్లా ఇద్దరికి దిగింది. సరిగ్గా ఆ ఏడాదే మన కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలెట్టి 1852కి పూర్తి చేసేశాడు. అప్పుడు బయల్దేరిన గోదారి మా ఊరి చివరి చేను దాకా వచ్చింది గానీ ఈ గోడ దాటి మీ దాకా ఇంకా రాలేదు.

అబద్ధమాడకూడదు, ఎనిమిదో రోజు వచ్చింది. ఇన్‌స్పెక్షనట. పొద్దున్నే ఎవరో మేడెక్కి వాల్వు తిప్పితే మీరు శ్రావణమాసం వరదలా దూకారు, కొత్త సబ్బు, ఫినాయిల్ వాసన, సార్లు వరసగా చేతులు కడుక్కుని ఫొటో దిగారు, భోజనాల వేళకి మళ్లీ వాల్వు కట్టేశారు. ఏంటండీ అంటే వాషరు పోయి కింద లీకవుతోంది, ఇండెంటు పెట్టాం అన్నారు. పది రూపాయల వాషరండి, నేనే కొని తెస్తానంటే రూల్స్ ఒప్పుకోవంట.

ఐదో రోజుకి ఇంటికెళ్లాల్సిన చెల్లి కుట్లు చీము పట్టి 9 రోజులుంది. మీ వల్లేనని అనను, నా దగ్గర రుజువేం లేదు.

ఇట్లు,
ఇంటి నుంచి బకెట్టూ చెంబూ మోసిన అన్నయ్య

తా.క: కుట్టు ఒకటింకా మానలేదండి, డ్రెస్సింగుకి రమ్మన్నారు. మళ్లీ ఇన్‌స్పెక్షన్ ఎప్పుడో కాస్త ముందుగా చెప్పారంటే ఆ రోజే తీసుకొస్తాను.