నైలు నది ఆర్గానిక్ నీళ్లు

"మన పూర్వీకులకు రోగాలే లేవు. స్వచ్ఛమైన తిండి, స్వచ్ఛమైన నీరు, స్వచ్ఛమైన గాలి!" పొద్దున్నే గుడ్ మార్నింగ్ గులాబీతో పాటు ఫోన్లోకి దిగే ఈ పరమసత్యాన్ని కాదనడానికి నేనెవర్ని? కాకపోతే చిన్న చిక్కు. పూర్వీకుల్లో కొందరు బొత్తిగా లౌక్యం లేనివాళ్లు, పొట్టలతో సహా మిగిలిపోయారు.

ఈజిప్టులో దాదాపు 3,200 ఏళ్ల కిందటి నఖ్త్‌నే తీసుకోండి. నేత పనివాడు, ఇప్పుడు మమ్మీ. పేగులు, కాలేయం తీసి జాడీల్లో భద్రపరిచే ఖరీదైన తంతు అతనికి దక్కలేదు. అందుకే లోపలివన్నీ లోపలే ఎండిపోయాయి. 1974లో టొరంటోలో పోస్ట్‌మార్టం చేస్తే మూత్రంలో రక్తం తెప్పించే షిస్టోసోమా పురుగు గుడ్లు, బద్దెపురుగు గుడ్లు, పక్కటెముకల కండరంలో పంది మాంసంతో వచ్చే ట్రైకినెల్లా పురుగు తిత్తి, పాడైపోయిన కాలేయం బయటపడ్డాయి.

ప్రకృతి జీవనానికి ఇంతకంటే మంచి బ్రాండ్ అంబాసిడర్ దొరకడు. ఏ హోటల్ హాల్లోనో సభ పెట్టి, శాలువా కప్పి, మైకు ఇద్దాం.

"నఖ్త్ గారూ, మీ ఆరోగ్య రహస్యం?"

"నైలు నీళ్లండీ. ప్లాస్టిక్ తగలనివి. తాగక్కర్లేదు, కాళ్లు పెడితే చాలు. పురుగే చర్మంలోంచి దూరి లోపలికొస్తుంది."

"మాంసాహారం?"

"హార్మోన్లు లేని నాటు పందండీ. సగం ఉడికిస్తే పోషకాలు పోవు."

"మరి గాలి?"

"పొయ్యి పొగ, ఎడారి ఇసుక. ఊపిరితిత్తుల్లో ఇంకా ఉన్నాయి, చూసుకోండి."

"మూత్రంలో రక్తం పడుతోందట?"

"అది డిటాక్స్ అండీ."

"వయసెంత?"

"పదిహేనో, పదహారో. అక్కడే ఆగింది."

చప్పట్లు.

ఇతనొక్కడే అలా అనుకోవడానికీ లేదు. 1910లోనే మార్క్ ఆర్మాండ్ రఫర్ అనే వైద్యుడు మమ్మీల కిడ్నీ ముక్కల్ని సోడా, ఆల్కహాల్ కలిపిన నీళ్లలో నానబెట్టి మరీ ఈ షిస్టోసోమా గుడ్లే చూపించాడు.

మాంచెస్టర్ మ్యూజియంలో ఇంకో పిల్ల. పేరు తెలియదు, నంబరు 1770. పద్నాలుగేళ్లుంటాయేమో. 1975లో కట్లు విప్పితే కడుపులో సున్నం పట్టి గట్టిపడిన నారికురుపు పురుగు కనిపించింది. రెండు కాళ్లూ తెగి ఉన్నాయి. అది ఆ పురుగు పనేనేమోనని అనుమానించారు.

నారికురుపు అంటే మన పల్లెల్లో పెద్దవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దిగుడుబావి నీళ్లు తాగితే ఏడాదికి కాల్లోంచి పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగేవారు. తెగిందా, కాలు వాచి మంచాన పడాల్సిందే. దేశం మొత్తానికి దాని పీడ వదిలిందని 2000లో గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పలేదు. వదిలించింది కషాయాలు కాదు. నీళ్లు గుడ్డతో వడకట్టమని ఇల్లిల్లూ తిరిగి చెప్పిన ఆరోగ్య కార్యకర్తలు.

గులాబీల దాకా నవ్వుకోవచ్చు. కానీ అదే గ్రూపులో ఇంకో మెసేజ్ వస్తుంది: "బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్రలు పిల్లలకు వేయించకండి, అది కుట్ర!" సిగ్గుండాలి. చెప్పుల్లేకుండా తిరిగే పిల్లకు, రక్తం లేక పాలిపోయిన పిల్లకు, ఊరికే దొరికే ఒక్క ఆల్బెండజోల్ మాత్రను నోటి దగ్గర ఆపేస్తావా? నీ వంటింట్లో ఆర్‌ఓ మిషన్ లేదూ? ఆ మిషన్ పీకి అవతల పారెయ్. దిగుడుబావిలోంచి చెంబెడు నీళ్లు ముంచుకుని, కాచకుండా, వడకట్టకుండా ముందు నువ్వు తాగు.