ఆరో గుడ్డు

మా నెల్లూరు వైపు పులుసు అనగానే పొరుగు జిల్లాల వారికి చేపలే గుర్తుకు వస్తాయి గానీ, చేపలు దొరకని రోజున, దొరికినా బేరం కుదరని రోజున, భోజనం పరువును నిలబెట్టేది కోడిగుడ్ల పులుసే. అందులో రెండు తెగలున్నాయి. గుడ్లను ఉడకబెట్టి, పెంకు వలిచి, నాలుగు గాట్లు పెట్టి పులుసులో వేసేది మొదటిది. ఉడుకుతున్న పులుసులోకి పచ్చి గుడ్లను నేరుగా పగలగొట్టి వదిలేది రెండవది. మొదటి పద్ధతి బంధువుల ఎదుట మర్యాదగా ఉంటుంది, లెక్కకూ అనుకూలం. మనిషికి ఒకటో రెండో వడ్డించి ఊరుకోవచ్చు. రెండవ పద్ధతిలో తెల్లసొన పులుపునూ కారాన్నీ పీల్చుకుంటూ ముద్దకడుతుంది, పచ్చసొన అంచులు కాస్త కరిగి పులుసుకు చిక్కదనాన్ని ఇస్తాయి, కాబట్టి ఆ రుచి మరిగిన వారు ఉడకబెట్టిన గుడ్డును సవతి బిడ్డను చూసినట్లు చూస్తారు. అలా మరిగిన వారిలో మా బావగారు అగ్రగణ్యులు.

బావగారిది కోవూరు దగ్గరి పల్లె. ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తారు. మా అక్క వంటకు ఆయన ఏనాడూ వంక పెట్టలేదు. వెల్లుల్లి కారం పట్టించి వేయించిన గుడ్లనైనా, మునక్కాడలతో కలిపి వండిన కూరనైనా, ఎర్రకారం పూసిన దోశ మీద గుడ్డు పరిచి రెండు వైపులా కాల్చిన కారం దోశనైనా, ఆమ్లెట్టు వేసి ముక్కలు కోసి పులుసులో నానబెట్టిన కూరనైనా ఆయన మారు మాట లేకుండా తినేవారు. ఒక్క గుడ్లు పగలగొట్టి పోసే పులుసు దగ్గర మాత్రం, అది శాస్త్రం తెలిసినవారు చేయవలసిన పని అని ఆయన నిశ్చితాభిప్రాయం.

ఆయన తల్లిగారు, అంటే నేను అత్తయ్య అని పిలిచే పెద్దావిడ, ఈ అభిప్రాయాన్ని ఎన్నడూ లెక్కచేయలేదు. ఆవిడ పుట్టిల్లు కందుకూరు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుండి అటు వెళ్లి, 2022లో జిల్లాలను మళ్లీ విడగొట్టినప్పుడు తిరిగి నెల్లూరులోకి వచ్చిన ఊరు అది. జిల్లా ఏదైతేనేం, గుడ్ల పులుసులోనైనా సరే పచ్చి మామిడికాయ ముక్క పడవలసిందేనని ఆవిడ పట్టు. మామిడికాయ చేపలకే తగినదని కుమారుని వాదన. అందువల్ల ఆవిడ బంధువుల పెళ్లికని కందుకూరు వెళ్లిన ఆదివారం ఉదయాన బావగారు వంటింట్లోకి ప్రవేశించి, ఈ పూట పులుసు తనదని ప్రకటించారు.

మట్టి దాకలో నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, చిన్న ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేగాయి. నిమ్మకాయంత చింతపండు పిసికి తీసిన రసం, కారం, పసుపు పడ్డాయి; దోరగా వేయించి దంచిన ధనియాల, మెంతుల పొడి చివరలో పడటానికి పక్కన సిద్ధంగా ఉంది. అంతవరకు ఆయన పనికి ఎవరూ పేరు పెట్టలేరు. పని చేస్తూనే పాఠమూ చెప్పారు. తెల్లసొన సుమారు 62 డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలుపెడుతుందట, పచ్చసొనకు 65 నుండి 70 డిగ్రీలు కావాలట, పులుపు తగిలితే తెల్లసొన మరింత త్వరగా పట్టుకుంటుందట, కాబట్టి గుడ్డు పడిన తరువాత మంట తగ్గించి మూత పెట్టాలే గానీ గరిట పెట్టి కలపరాదట. గుడ్లను అతిగా ఉడకబెడితే పచ్చసొన చుట్టూ కనిపించే ఆకుపచ్చ వలయం అందులోని ఇనుమూ, తెల్లసొనలోని గంధకమూ కలిసినందువల్ల ఏర్పడేదేనట. ఆయన చెప్పినదంతా నిజమే. చిక్కు అంతా అక్కడే వచ్చింది, ఎందుకంటే ఒక మనిషి వరుసగా ఐదు నిజాలు చెప్పిన తరువాత ఆరో మాటను అడ్డుకునే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండదు.

ఆ ఆరో మాట ఏమిటంటే, ఫ్రిజ్జులోని ఫారం గుడ్లు ఈ పులుసుకు పనికిరావు, నాటు గుడ్లే కావాలి అన్నది. వసారాలో, వడ్లు కొలిచే కుంచం పక్కన, తవుడు పోసిన చిన్న గంప ఒకటి ఉంది. అందులోని గుడ్లలో కొన్నింటికి నల్లని మరకలున్నాయి. శుభ్రత విషయంలో రాజీపడని బావగారు వాటిని బొప్పాయి చెట్టు కింది కుళాయి దగ్గర ఒక్కొక్కటిగా తోమి, పెళ్లికూతుళ్లలా తయారుచేసి లోపలికి తెచ్చారు.

తరువాత బేసిన్లో నీళ్లు పోసి పరీక్ష పెట్టారు. గుడ్డు పాతబడే కొద్దీ పెంకులోని సన్నని రంధ్రాల గుండా లోపలి తేమ బయటకు పోయి, గాలి గది పెరుగుతుంది. అందువల్ల తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది, పాతది నిలబడుతుంది, మరీ పాతది తేలుతుంది. ఇది ఆయన ఏటేటా పిల్లలకు చేసి చూపించే ప్రయోగమే. ఐదు గుడ్లు బుద్ధిగా మునిగాయి. మూడు పైకి వచ్చి ఈదసాగాయి.

"నాన్నా, ఇయ్యేంది తేల్తా ఉండాయి?" అని తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనకోడలు అడిగింది.

"మన బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి గదమ్మా! ఉప్పు నీళ్లలో గుడ్డు తేలుతుందని చదువుకోలేదా?"

"దానికి లీటరుకి వంద గ్రాములకు పైనే ఉప్పుండాల గదా. సముద్రం నీళ్లలోనే ముప్పై అయిదు గ్రాములుంటాయని మీరే చెప్తిరి. మైపాడు నీళ్లు తెచ్చి పోసినా మంచి గుడ్డు మునగాల్సిందే."

బావగారు ఒక క్షణం ఆలోచించారు. అదే బోరు నీళ్లలో ఐదు గుడ్లు ఎందుకు మునిగాయన్న ప్రశ్న కూడా వస్తుందని మేము ఎదురుచూశాము, కానీ పిల్ల తండ్రి ముఖం చూసి ఆగిపోయింది. "పుస్తకం వేరు, బోరు వేరు" అని ఆయన తీర్పు చెప్పారు.

"ఒక్కోటీ చిన్న గిన్నెలో కొట్టి చూసి పొయ్యండి" అని మా అక్క గుమ్మంలో నుండి అన్నది. ఇది ఆమెకు ఎవరూ పాఠంగా చెప్పింది కాదు. మా అమ్మ అలా చేసేది, ఆమె తల్లీ అలానే చేసేది. నీటి పరీక్ష పూర్తయిన తరువాత గిన్నె పరీక్ష దండుగ అని బావగారు సెలవిచ్చి, దాక అంచున ఒక్కొక్క గుడ్డునూ టక్కున కొట్టి, ఒకదానికొకటి తగలకుండా వృత్తాకారంలో ఐదింటిని పోశారు. నిజం చెప్పవద్దూ, ఆ దృశ్యం కన్నులపండువగా ఉంది. ఎర్రని పులుసులో తెల్లని అంచులు కట్టుకుంటూ ఐదు పచ్చసొనలు నిలిచాయి. నడుమ ఖాళీగా ఉన్న చోటు ఆరో గుడ్డుకు కేటాయించబడింది.

ఆరో గుడ్డు పగలలేదు, పేలింది. దాని లోపల నుండి వచ్చిన పదార్థం రంగును గురించి భోజనాల వేళ చదివే వారి మీద దయతో నేను రాయను. వాసనను మాత్రం దాచడం సాధ్యం కాదు, ఎందుకంటే అది వంటింటిని, వసారాను, పెరడును దాటి వీధిలోకి నడిచింది. కుళ్లిన గుడ్డులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను మనిషి ముక్కు అతి స్వల్ప పరిమాణంలోనైనా పసిగడుతుంది. దానిని ఉడుకుతున్న పులుసు ఆవిరి మీద ఎక్కించి పంపితే ఎంత దూరం పోతుందో ఆనాడు మా వీధి తెలుసుకుంది.

వంటగ్యాసుకు సహజంగా వాసన లేదు. కారితే తెలియాలని దానికి గంధకం కలిసిన మెర్‌కాప్టన్ అనే పదార్థాన్ని కలుపుతారు. అందువల్ల పక్కింటి పెద్దాయన పొరబడటంలో ఆశ్చర్యం లేదు. ఆయన గోడ మీదుగా "గ్యాసు లీకవతా ఉండాది, పొయ్యి ఆపండి, లైటు స్విచ్చి ముట్టుకోబాకండి!" అని కేక వేసి, తన ఇంట్లో వారందరినీ వీధిలో నిలబెట్టి, వీధి చివరికి పోయి, గ్యాసు లీకులకు పెట్టిన అత్యవసర నంబరు 1906కు ఫోను చేశారు. బావగారు కిటికీలో నుండి తల బయటపెట్టి, ఇది మెర్‌కాప్టన్ కాదనీ, హైడ్రోజన్ సల్ఫైడ్ అనీ, రెండింటిలోనూ గంధకం ఉన్నందువల్ల ఇలా పొరబడటం సహజమేననీ వివరించారు. ఆయన నోట ఇన్ని రసాయనాల పేర్లు వినబడేసరికి ఎదురింటి వారు కూడా బయటికి వచ్చేశారు.

గ్యాసు మెకానిక్ వచ్చి రెగ్యులేటరుకూ గొట్టానికీ సబ్బు నురుగు రాసి బుడగల కోసం చూస్తున్న సమయానికి అత్తయ్య ఆటో దిగింది. లోపలికి రాకముందే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, వసారాలోని ఖాళీ గంపను చూసి, ఎవరినీ ఏమీ అడగకుండానే సంగతి మొత్తం గ్రహించింది.

జరిగింది ఇదీ. గుడ్లు పొదగడానికి కోడికి 21 రోజులు పడుతుంది. పొదగేసిన వారానికి అత్తయ్య చీకట్లో ఒక్కొక్క గుడ్డునూ టార్చిలైటు ముందు పెట్టి చూసి, లోపల ఎర్రని నరాలు కనిపించని మూడింటిని పొల్లు గుడ్లుగా తేల్చి, కోడి కింద నుండి తీసి, గుర్తుగా బొగ్గుతో గీతలు గీసి, తిరిగి వచ్చాక కొబ్బరిచెట్టు పాదులో పాతిపెడదామని గంపలో ఉంచింది. ఆవిడ ఊరికి వెళ్లిన తరువాత మిగతా పెట్టలు పెట్టిన మంచి గుడ్లు ఐదింటిని ఎవరో తెచ్చి అదే గంపలో వేశారు. బావగారు కుళాయి దగ్గర పీచు పెట్టి తోమినవి ఆ బొగ్గు గీతలే.

"మామిడికాయ ఏశావా?" అని మాత్రం అత్తయ్య కొడుకును అడిగింది. లేదన్నారు. "పోనీలే, కాయన్నా దక్కింది" అన్నది.

ఈలోగా మెకానిక్ పరీక్ష ముగించి, ఎక్కడా బుడగ రాలేదని చెప్పి, చేతిలోని కాగితం మీద ఫిర్యాదుకు కారణం ఏమని రాయాలో తెలియక బావగారి వైపు చూశాడు. ఆయన గొంతు సవరించుకుని గంధకం దగ్గర మొదలుపెట్టబోయారు.

"గుడ్డు అని రాసుకో నాయనా" అన్నది అత్తయ్య.