నివురు కమ్మేదాకా ఆగుదాం

పోయిన వేసవి మన పిక్నిక్‌లో పార్కు గ్రిల్ మీద కాల్చిన కోడి కాళ్లు చాలామందికి గుర్తుండే ఉంటాయి. పైన బొగ్గులా మాడాయి. ఒక పాప కొరికితే ఎముక దగ్గర పచ్చి మాంసం బయటపడింది. వాళ్లమ్మ గబుక్కున లాక్కుని పారేసింది. రాత్రి ఎవరికీ ఏమీ కాలేదని ఫోన్లు చేసి కనుక్కునేదాకా నాకు టెన్షనే. ఈసారి కేటరింగ్ ట్రేలు తెప్పిద్దామంటున్నారు. వద్దు, కోడిని మనమే కాలుద్దాం. తొందర ఒక్కటి మానుకుందాం.

ఆ రోజు పిల్లలు ఆకలంటున్నారని మంట ఎగుస్తుండగానే ముక్కలు పరిచేశాం. కారిన కొవ్వుకి మంట ఇంకా లేచింది. నివురుగప్పిన నిప్పు అని మనుషుల గురించి అంటుంటాం గానీ, కోడిని కాల్చడానికి కావలసింది అక్షరాలా అదే. మంట పూర్తిగా అణగాలి, బొగ్గుల మీద బూడిదరంగు నివురు కమ్మాలి. దానికి అరగంట పడుతుంది. అప్పుడు నిప్పులన్నీ ఒక పక్కకు నెట్టి, ఎముకున్న కాళ్లూ తొడలూ రెండో పక్కన పెట్టి, పైన అల్యూమినియం ట్రే బోర్లించాలి. సెగకే ముప్పావుగంటలో లోపలిదాకా ఉడుకుతాయి. చివర్లో రెండు నిమిషాలు నిప్పుల మీదకు జరిపితే చర్మం చిటపటలాడుతూ ఎర్రబడుతుంది. ఆ వాసన ఏ కేటరింగ్ ట్రేలోనూ రాదు.

ఆంధ్రప్రదేశ్ మన్యంలోని మారేడుమిల్లిలో బొంగు చికెన్ చేసేవాళ్లను చూడండి. కారం, పసుపు, ఉప్పు, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కూర్చుంటారు. చుక్క నూనె ఉండదు, బొంగులోని తడికే ముక్క ఉడుకుతుంది. అది ఇక్కడా చేద్దామని కొందరికి సరదా. తోటసామాన్ల షాపులో దొరికే ఎండు వెదురుతో మాత్రం వద్దు. దానికి ఏ మందు పూశారో తెలియదు, రెండు వైపులా మూసుకున్న కణుపు వేడికి పేలుతుంది కూడా.

ఉడికిందా లేదా అన్నది రంగు చూసి చెప్పలేం. ఎముకకు తగలకుండా మందంగా ఉన్నచోట థర్మామీటర్ గుచ్చితే 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 74 సెల్సియస్ చూపించాలి. తొడలు ఇంకో పది డిగ్రీలు ఎక్కినా మెత్తబడతాయే తప్ప ఎండిపోవు. మైకులకు అంత ఖర్చు పెడుతున్నాం, రెండు థర్మామీటర్లు కొనలేమా?

ఇంకొకటి, పార్కు కుళాయి కింద పచ్చికోడి కడగొద్దు. ఉప్పూ పసుపూ వేసి కడగడం మన ఇళ్లలో అలవాటే, కానీ ఆ చింది పడ్డ నీళ్లతోనే సాల్మొనెల్లా లాంటి జబ్బు చేసే క్రిములు పక్కనున్న పళ్ల మీదకూ చేరతాయి. ఇంట్లోనే మసాలా పట్టించి, ఐస్ పెట్టెలో తెండి. శాకాహారులకు వేరే గ్రిల్, వేరే పటకారు పెట్టాలి. మొక్కజొన్న పొత్తులు కోడి పక్కన కాల్చి వాళ్లకివ్వడం మర్యాద కాదు.

నిప్పు రాజేసే పని నాకివ్వండి. పదకొండింటికే పార్కులో ఉంటాను. భోజనం ఒంటిగంటకని మాత్రం ఆహ్వానంలో ముందే రాయించండి.